తుపాకుల అంగడికి లెక్క వలదా?

అమెరికా సంయుక్త రాష్ట్రములలో తుపాకుల వర్తకము సేయువారు కేంద్రప్రభుత్వ లైసెన్సు పొందవలయుననియు, కొన్నవారి పేర్లను, ఆయుధముల సంఖ్యలను పుస్తకమున వ్రాసియుంచవలయుననియు 1968వ సంవత్సరపు శాసనము విధించినది. శాసనము మంచిదియే, కాని దానిని నడపవలసిన అధికారుల చేతులకు సంకెళ్లు పడినవి.

1986వ సంవత్సరపు సవరణచే, వారంటు లేని సాధారణ తనిఖీ పండ్రెండు నెలలకు ఒక్కమారునకు పరిమితమైనది. తప్పు కానవచ్చినను చాలదు. అది బుద్ధిపూర్వకమని రుజువైననే లైసెన్సు రద్దగును. అంగడిలోని సరకును లెక్కించి చూడుమని వర్తకుని నిర్బంధించు నిబంధన చేయుటకైనను సంబంధిత శాఖకు స్వాతంత్ర్యము లేదు. లెక్కింపని సరకులో పోయిన తుపాకి యెవరికి దెలియును?

వర్తకులెల్లరు దోషులని మేమనము. నేరములందు దొరకి జాడ తీయబడిన తుపాకులలో సగమునకు మించినవి, నూటికి ఒక్కరికంటె కొంచెము మాత్రమే ఎక్కువగు వర్తకుల యొద్దనుండి వెడలినవని 2000వ సంవత్సరమున ఆ శాఖయే ప్రకటించినది. కావున కఠినమైన తనిఖీ నిజాయితీపరులకు కీడు గాదు, రక్షణయే.

1878వ సంవత్సరపు ఆయుధశాసనముచే పరప్రభుత్వము నిరాయుధులను జేసిన మనకు, పాలకులు ఆయుధముల పట్టీ వ్రాసికొనుటయన్న పౌరులకు గలుగు శంక తెలియనిది కాదు. కాని యిచట ప్రశ్న పౌరుని హక్కు గాదు, వర్తకుని బాధ్యత.

లైసెన్సు ఎవరికి కావలయునో ఆ నిర్వచనమును అమెరికా కాంగ్రెసు సభ 2022వ సంవత్సరమున విస్తరింపజేసినది. లైసెన్సుదారులను పెంచి తనిఖీని పెంపకున్న ఫలమేమి? తనిఖీపై పరిమితి తొలగవలెను; ఏటేట సరకు లెక్క జరుగవలెను; మరల మరల తప్పు చేయువాని అంగడి మూయబడవలెను. బియ్యపు దుకాణమువాడు ప్రభుత్వమునకు లెక్క చూపుచుండగా, ప్రాణములు దీయు సరకు విక్రయించువాడు చూపననుట చెల్లదు.