గృహిణీగోష్ఠి: వేదిక వెనుకటి విద్య



వివాహమో, ఉపనయనమో, షష్టిపూర్తియో తలపెట్టినచో నెలదినముల ముందునుండియే మన యిండ్ల స్త్రీలకు కంటికి నిద్ర యుండదు. వచ్చువా రెందరు, వారికి విడిదు లెచ్చట, వంటవారి కేమి కావలయును, వృద్ధుల కెవరు తోడుందురు అని యన్నియు మనస్సులోనే లెక్కించుకొని నడపుచుందుము. దీనిని లోకము ఇంటిచాకిరి యనును. ఈ పనినే నేడు పెక్కుదేశములందు కొందరు వృత్తిగా గైకొని, దానికి చదువును పరీక్షను ఏర్పరచుకొనిరి. అమెరికాలో సభానిర్వాహకులకు యోగ్యతాపత్ర మిచ్చు పద్ధతి 1985 నుండి యున్నది. వీరు పుస్తకములవలననే గాక, ఇతరులు నడపు మహాసభలను తిరిగి చూచుటవలనను తమ విద్యకు మెరుగు పెట్టుకొందురు. వారు నేర్చునది మనకును పనికివచ్చునదే.

ఉదాహరణమునకు శాన్ ఫ్రాన్సిస్కో నగరమున సేల్స్‌ఫోర్స్ అను సంస్థ జరుపు డ్రీమ్‌ఫోర్స్ సభను గైకొందము. వర్తకులు తమ కొనుగోలుదారుల వివరములను కంప్యూటరులలో భద్రపరచి వ్యవహారము నడపుకొనుటకు వలయు సాధనములను ఈ సంస్థ యమ్మును. ఆ సాధనములతో పనిచేయు తెలుగుబిడ్డలును అనేకులు గలరు. 2003లో ఒక హోటలులో వేయికి పైగా జనులతో మొదలైన యీ సభకు, 2015 నాటికి లక్షన్నరకు పైగా పేర్లు నమోదైనవని సంస్థవారు ప్రకటించిరి. 2020లో మహమ్మారివలన జనులు కూడుటయే మానిరి. 2023లో వచ్చినవారు సుమారు నలుబదివేలు. సభాస్థలము 1981లో తెరచిన మాస్కోనీ సెంటరు. దాని పెద్దశాలలు కొన్ని భూమికి క్రిందుగా నున్నవి. సభాదినములలో ఆ శాలల నడుమనున్న హోవర్డ్ వీధిలో బండ్లను ఆపి, పచ్చిక వంటి పరుపు పరచి, చెట్లు నిలిపి, సంగీతము పాడించుటయు గలదు.

ఇంత వైభవము కన్నులయెదుట నున్నను, వృత్తిలో పండినవారు వేదికమీది దీపకాంతిని చూచి నిలిచిపోరు. వారి చూపు ద్వారములమీద నుండును. ఒక ప్రసంగము ముగియగనే వేలకొలది జనులు ఒక్కుమ్మడి వెలికి వత్తురు గదా! లోనికి పోవువారు వారి కెదురుపడుచున్నారా? త్రోవ తప్పినవానికి గురుతుపలక కంటి యెత్తున కనబడుచున్నదా? అడుగుటకు మనిషి యున్నాడా? కూర్చుండుటకు చోటు, త్రాగుటకు నీరు ఎన్ని యడుగుల దూరమున నున్నవి? ధర్మరాజు మయసభ లోకమున కెల్ల వింతయే. కాని యతిథియైన దుర్యోధనునికి నేల యేదియో నీరేదియో తెలియలేదు. అతడు మడుగులో పడినాడు, చూచినవారు నవ్వినారు. ఆ నవ్వు వెలివిరిచిన వైరము మీ రెరుగనిది కాదు. అందము మార్గమును మరుగుపరచినచో నది యాతిథ్యము కానేరదని ఈ వృత్తివారి మొదటి పాఠము.

రెండవ పాఠము రాత్రి నిద్రకు సంబంధించినది. 2015లో నగరపు హోటళ్లు చాలకపోగా, ఆ సంస్థవారు సుమారు వేయి గదులుగల యాత్రానౌక నొకదానిని రేవున నిలిపి దానినే విడిదిగా జేసిరి. చూచువారికి ఇది యార్భాటముగా దోచును. నిర్వాహకులు మాత్రము దీనినుండి వేరొకటి గ్రహింతురు: పిలుపులు పంపుటకు ముందే పడకల లెక్క చూడవలయును. మరియు వీధి మూసినచో ఊరివారికి చుట్టుత్రోవ గలుగును, బసల వెల పెరుగును. కావున వీధి కడ్డముగా పందిరి వేయువారు పొరుగువారితో ముందుగా చెప్పుకొనుట మర్యాద.

మూడవది పనుల పంపకము. ఏ నిమిషమున నెవరు ఏమి చేయవలయునో వ్రాసిన పట్టిక ప్రతి నిర్వాహకుని చేత నుండును. వ్రాయనిది జరుగదని వారి నమ్మకము. రాజసూయమున ధర్మరాజు వ్యయము విదురునకును, భోజనశాల దుశ్శాసనునకును, రాజుల మర్యాద సంజయునకును అప్పగించినట్లు భారతము చెప్పుచున్నది. మన యిండ్లలోనో, ఆ కొలువులన్నియు ఒక్క యిల్లాలి తలలోనే యుండును. ఆమెకు జ్వరము వచ్చినచో పెండ్లియే తల్లడిల్లును.

నాలుగవ పాఠము మన మెక్కువగా తలచుకొనదగినది. మంచి సభల వెనుకభాగమును చూడబోయినవారు, పనివారు ఎప్పుడు తినిరి, ఎచ్చట కూర్చుండిరి, ఎన్ని గంటలకు చేయి మార్చుకొనిరి అని యడుగుదురు. పనివారి భోజనము పట్టికలో మొదటనే చేరవలసిన పద్దు. ఆకలిగొన్నవాని ముఖమున నవ్వు నిలువదు గదా! అదే రాజసూయమున ద్రౌపది తాను భుజింపక, గూనివారివరకును మరుగుజ్జులవరకును ఎవరు తినిరో ఎవరు తినలేదో విచారించెనని దుర్యోధనుడే తండ్రితో చెప్పెను. ఆమె శ్రద్ధను వేయినోళ్ల గొనియాడుదము. కాని యామె యాకలిని విచారించిన వారెవ్వరు? నేటికిని కన్యాదాత యింట, వడ్డన లన్నియు ముగిసిన పిదప చల్లారిన విస్తరిముందు కూర్చుండునది తల్లియే. కూలికి వచ్చినవారికి లభించు మన్నన యింటియామెకు లభింపకుండుట న్యాయమగునా?

కడపటిది సమీక్ష. సభ ముగియగనే వారు కూర్చుండి, ఏది కుదిరినది, ఏది బెడిసినది, ఏది మిగిలినది అని వ్రాసికొందురు. అందు నిందకు చోటీయరు.

కావున, మీ యింట శుభకార్యము వచ్చినప్పుడు ఒక నోటుపుస్తకము తెరవుడు. మండపమునకు ముందే పోయి, వంటశాలనుండి వడ్డనశాలకు త్రోవయు, వృద్ధులకు మెట్లును, చేతులు కడుగు తావును చూచి రండు. పనులకు పేర్లు వ్రాసి, మగవారికిని పంచుడు. రెండవ బంతిలో మీ పేరును, పనిచేయువారి పేర్లును స్పష్టముగా వ్రాయుడు. కార్యము ముగిసిన మరునాడు ఆ పుస్తకమున మరియొక పుట నింపి, కుమార్తెకును కోడలికినే గాక కుమారునికిని చూపుడు. తలలో దాచినది చాకిరిగా మిగులును. వ్రాసి పంచినది విద్యయగును.