ఆ నవలల్లో ఆట అలంకారం కాదు



కాలేజీ ఆటగాళ్ల ప్రేమ నవలలు కండలు తిరిగిన కుర్రాళ్ల కోసం చదివే కాలక్షేపమని గత సంచికలో వ్యాసకర్త తేల్చేశారు. ఒప్పుకోలేను. ఒకప్పుడు నవలా రచయిత్రి యద్దనపూడి సులోచనారాణి సీరియళ్ల కోసం ఎదురుచూసిన ఆడవాళ్లనూ ఇలాగే చిన్నచూపు చూశారు.

ఎల్ కెనడీ నవల 'ది డీల్' (2015) తీసుకోండి. ఐస్ హాకీ జట్టు కెప్టెన్ గారెట్ నీతిశాస్త్రం పరీక్ష తప్పాడు. మార్కులు పెరగకపోతే ఆడనివ్వరు. అమెరికా కాలేజీ క్రీడల్లో నిజంగా ఉన్న నిబంధనే ఇది. అందుకే తోటి విద్యార్థిని హానా చేత పాఠం చెప్పించుకుంటాడు. ఆమె చిన్నవయసులోనే అత్యాచారానికి గురైన పిల్ల. అతనిది పేరుమోసిన ఆటగాడైన తండ్రి చేతిలో దెబ్బలు తిన్న బాల్యం. మంచు మీద ఎదుటివాణ్ణి గుద్ది పడేసే కుర్రాడు ఆమె దగ్గర ఆగుతాడు, అడుగుతాడు, ఆమె సరేననేదాకా ఓపిక పడతాడు. అమ్మాయిలు ఈ పుస్తకాలను వదలకపోవడానికి కారణం ఆ ఓపికే.

రచయిత్రి హానా గ్రేస్ నవల 'ఐస్‌బ్రేకర్' (2022)లో నాయికే ఫిగర్ స్కేటర్. ఒలింపిక్స్ ఆమె కల. ప్రేమలో పడ్డా సాధన మానదు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ పట్టుదలే.

మూస కథలూ చాలానే వస్తున్నాయి, కాదనను. వ్యాసకర్త ఒక్క నవలనైనా చదివి, పేరు పెట్టి విమర్శించాలని కోరుతున్నాను.

— ఒక పాఠకురాలు, విజయనగరం