పాడైంది ఫోను కాదు, బ్యాటరీ

వాడుతున్న ఫోనుకు మధ్యాహ్నానికే చార్జింగ్ అయిపోతోందని చాలామంది కొత్తదానికి వాయిదాలు కట్టడం మొదలుపెడతారు. లిథియం అయాన్ బ్యాటరీ కొన్ని వందల చార్జింగుల తరువాత నీరసించడం సహజం. దాన్నొక్కటి మార్పిస్తే అదే ఫోను ఇంకొన్నేళ్లు నడుస్తుంది. హైదరాబాద్ జగదీశ్ మార్కెట్లో ఆ పని తెలిసిన నేర్పరులకు కొదవ లేదు. కానీ కంపెనీలు బ్యాటరీని లోపల జిగురుతో అతికించేస్తున్నాయి, పాత మోడళ్లకు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఆపేస్తున్నాయి. పొదుపుగా బతకాలనుకునేవారికి దారి మూసేయడం అన్యాయం. కేంద్రం 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు పోర్టల్ తెచ్చింది. అది సమాచారం ఇస్తుందే తప్ప కంపెనీలను కట్టడి చేయదు. ఐరోపా సమాఖ్యలో చాలా పరికరాల బ్యాటరీని కొన్నవారే మార్చుకునే వీలుండాలన్న నిబంధన 2027 ఫిబ్రవరి నుంచి వర్తిస్తుంది. మనకూ అలాంటి చట్టం కావాలి. ఈలోగా, పండుగ ఆఫర్లు చూసి తొందరపడకుండా పాత ఫోనును ఒకసారి మెకానిక్‌కు చూపించండి.