కోడ్ ఓపెనే, గడప ఎవరిది?

రాయ్‌పూర్ మోవాలో నా అద్దె గదిలో సాయంత్రాలు నలుగురు పిల్లలకు పైథాన్ చెబుతుంటాను. థీసిస్ కదలని రోజుల్లో అదే ఊరట. వాళ్లలో ఒక సత్నామీ అమ్మాయి, తాపీపని కూలీ కూతురు, తండ్రికి రావాల్సిన డబ్బు లెక్కకట్టే ప్రోగ్రాం రాసింది. వేరియబుళ్ల పేర్లు నాగరి లిపిలో 'రోజీ', 'బకాయా'. ఎర్రర్ లేకుండా నడిచింది. 2008లో వచ్చిన పైథాన్ 3 నుంచి మన లిపుల్లోనూ పేర్లు పెట్టుకోవచ్చు. ఇఫ్, ఫర్, వైల్ మాత్రం ఇంగ్లీషే.

స్టాండర్డ్ లైబ్రరీలో పేర్లు ఆస్కీ అక్షరాల్లోనే ఉండాలనీ, ప్రపంచమంతా వాడే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులూ అలాగే చేస్తే మంచిదనీ పైథాన్ శైలి నియమావళి పెప్ 8 అంటుంది. దాంతో నాకు పేచీ లేదు. నా కోడ్‌ను బ్రెజిల్‌లో ఒకరు సరిదిద్దాలంటే ఉమ్మడి భాష కావాలి. సావిత్రీబాయి ఫూలే 1854 నాటి 'కావ్యఫూలే'లోనే ఇంగ్లీషు నేర్చుకోమన్నారు. ఆ మాట మనం వదులుకోం.

నా పేచీ 'మెరిట్'తో. కూలి లెక్కల ఓపెన్ సోర్స్ ప్రోగ్రాం ఒకదానిలో ఆ అమ్మాయి తప్పు పట్టుకుంది. భాగహారానికి రెండు గీతలు పెట్టడంతో సగం రోజు పని సున్నా అయిపోతోంది. ఒక గీత తీసేసి పంపింది. పేర్లన్నీ ఇంగ్లీషులోనే ఉంచింది, వివరణే తడబడింది. అర్థం కాలేదని మూసేశారు. రెండు వారాలకు అదే గీత తీసి, చక్కటి ఇంగ్లీషు పేరాతో ఇంకొకరు పంపితే చేర్చుకున్నారు. ఆ రెండోవారిని నేను తప్పుపట్టను. కానీ కోడే మాట్లాడుతుందని మనకు చెప్పిన పెద్దమనుషులు ఆ రోజు ఏ కోడ్ చదివారు?

(రూబీలో ఎవరికి ఏ అనుమతి ఉందో తేల్చే లైబ్రరీ పేరు 'పండిట్'. పెట్టినవాళ్లు కులాన్ని తలచి ఉండరు. నాకు మాత్రం నవ్వొస్తుంది.)

ఇక సెమినార్లలో వినిపించే ఇంకో పాట: కంప్యూటర్‌కు సంస్కృతమే అనువైనదని నాసా తేల్చిందట! దాని మూలం 1985లో రిక్ బ్రిగ్స్ 'ఏఐ మ్యాగజైన్'లో రాసిన ఒక వ్యాసం. నలభై ఏళ్లు దాటింది. లినక్స్ కెర్నెల్‌ను సి భాషలో రాశారు, 2022 డిసెంబరులో వచ్చిన 6.1లో రస్ట్‌కూ చోటిచ్చారు. సంస్కృతం ఎక్కడ? ఇంగ్లీషు గడప ఎత్తే, ఒప్పుకుంటాను. ఈ రెండో గడప దగ్గర మనల్ని నిలబడనైనా ఇచ్చారా?

ప్రాజెక్టులు నడిపేవాళ్లు ముందు కోడ్‌ను పరీక్షించాలి, వివరణ ఏ భాషలో వచ్చినా తీసుకోవాలి. అనువాద యంత్రాలు చేతిలో ఉన్న కాలంలో ఇదేం పెద్ద కోరిక కాదు.

ఆ అమ్మాయి అదే ప్రోగ్రాంలో మరో తప్పు పట్టుకుంది. వివరణ హిందీలో రాసింది. నేను ల్యాప్‌టాప్ నా వైపు తిప్పుకోబోతే చెయ్యి అడ్డం పెట్టి, "భైయా, మీరు ఇంగ్లీషులోకి మార్చొద్దు" అంది.