ఇంకొక్క ముద్ద... వద్దు!

పెళ్లి పందిట్లో బంతి సాగుతోంది. పప్పూ నెయ్యీ, గోంగూర పచ్చడీ, పులిహోరా, బూరెలూ... ఒకదాని వెనక ఒకటి విస్తట్లోకి వచ్చి పడుతున్నాయి. నలభై ఏళ్ల ఆ టీచరమ్మ మాత్రం కాస్త పప్పు, రెండు చెంచాల పెరుగుతో సరిపెట్టుకుంటోంది. అది చూసి పిన్నికి మనసొప్పలేదు.

'అదేంటే, పిట్టలా తింటున్నావ్‌? ఒక్క బూరె వేసుకో.'

'కడుపు నిండిపోయింది పిన్నీ.'

'చాల్లే... నీ తిండి నాకు తెలీదా!'

విస్తట్లో బూరె పడనే పడింది. దానిమీద నెయ్యి కూడా. ఈలోగా పక్క వరసలో గుసగుసలు... 'ఏమిటలా చిక్కిపోయింది? షుగరొచ్చిందేమో!'

నిజానికి షుగరు ఆమెకు ఎనిమిదేళ్లుగా ఉంది. తగ్గుముఖం పట్టింది ఇప్పుడే!

ఈ టీచరమ్మ ఎవరైనా కావచ్చు. బరువు తగ్గడానికి ఆపరేషన్‌ చేయించుకున్నవాళ్లకు తొలి ఏడాదిలో ఇలాంటి బంతి ఎక్కడో ఒకచోట ఎదురవుతూనే ఉంటుంది. ఆపరేషన్‌ ఒకటి రెండు గంటల పని. అంతా సవ్యంగా ఉంటే రెండు మూడు రోజుల్లో ఇంటికి పంపించేస్తారు. అసలు చికిత్స మొదలయ్యేది ఆ తర్వాతే. అది జరగాల్సింది వంటింట్లో, భోజనాల బల్ల దగ్గర, బంధువుల మధ్య!

టీ గ్లాసంత పొట్ట

తినేకొద్దీ సాగి, లీటరు దాకా పట్టే సంచి మన జీర్ణాశయం. 'స్లీవ్‌' ఆపరేషన్‌లో దాన్ని నిలువునా కోసి 75 నుంచి 80 శాతం తీసేస్తారు. మిగిలేది అరటిపండు ఆకారంలో ఓ గొట్టం. అందులో పట్టేది నూరు, నూటయాభై మిల్లీలీటర్లు... అంటే ఓ టీ గ్లాసుడు. 'బైపాస్‌'లో అయితే జీర్ణాశయం పైభాగంలో 30 మిల్లీలీటర్లు పట్టేంత చిన్న సంచిని విడదీసి, దాన్ని నేరుగా చిన్నపేగుకి కలిపేస్తారు. తిన్నది పేగులో కొంత దూరాన్ని దాటవేసి వెళ్తుంది.

ఈ బైపాస్‌ను తొలిసారి చేసింది 1966లో, అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో పనిచేసిన డాక్టర్‌ ఎడ్వర్డ్‌ మేసన్‌. అల్సర్ల కోసం పొట్టలో కొంత భాగం తీసేసిన రోగులు ఆ తర్వాత లావెక్కకపోవడం చూసి ఆయనకీ ఆలోచన వచ్చింది. మన దగ్గర దీని గురించి జనం ఎక్కువగా మాట్లాడుకుంది నాయకుల పేర్లు వినిపించినప్పుడు. 2011లో నితిన్‌ గడ్కరీ, 2014లో అరుణ్‌ జైట్లీ ఈ తరహా ఆపరేషన్‌ చేయించుకున్నారు.

చాలామంది దీన్ని లైపోసక్షన్‌తో కలిపేసి భయపడుతుంటారు. రెండూ వేరు. లైపోసక్షన్‌ అంటే చర్మం కింద కొవ్వును గొట్టంతో లాగేయడం. అది ఒంటి ఆకృతి కోసం. ఇది షుగరు, బీపీ, గురక, మోకాళ్ల నొప్పులు తెచ్చిపెట్టే ఊబకాయానికి వైద్యం. స్వీడన్‌లో 1987లో మొదలుపెట్టి సుమారు నాలుగు వేలమందిని గమనించిన అధ్యయనం 2007లో ఒక సంగతి తేల్చింది. ఆపరేషన్‌ చేయించుకోని ఊబకాయులకన్నా చేయించుకున్నవారిలో మరణాలు తగ్గాయని.

లాభం అంత ఉందిగదా అని ఆపరేషన్‌తో పని అయిపోయిందనుకుంటేనే చిక్కు!

మొదటి నెల... చెంచాల లెక్క

తొలి రోజుల్లో నీళ్లు, పల్చటి మజ్జిగ, వడకట్టిన చారు, కొబ్బరినీళ్లు. అవీ గుక్కలు గుక్కలుగా కాదు, చెంచా చెంచాగా. తర్వాత రెండు వారాల దాకా పాలు, పప్పుకట్టు, జావ. ఆపైన మెత్తగా మెదిపిన పప్పు, పెరుగు, గుడ్డు. మామూలు తిండి దగ్గరకు రావడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. ఆవకాయ అప్పటిదాకా జాడీలో ఉండాల్సిందే!

ఇంట్లో నలుగురూ కంచాల ముందు కూర్చుంటే, ఆమె చిన్న గిన్నె పట్టుకుని ఇరవై నిమిషాలు తింటుంది. ప్రతి ముద్దా ఇరవైసార్లు నమలాలి. తింటూ నీళ్లు తాగకూడదు. తిన్నాక అరగంట ఆగాలి. కానీ రోజు మొత్తమ్మీద లీటరున్నర తక్కువ కాకుండా లోపలికి వెళ్లాలి. అందుకే నీళ్ల సీసా చంకన పెట్టుకునే తిరుగుతుంది. ఒక్క ముద్ద ఎక్కువైతే గుండెల మీద బండ పెట్టినట్టుంటుంది. లేదంటే వాంతి.

ఈ నెలలో ఇంట్లోవాళ్లు కళ్లు తెరుచుకుని ఉండాలి. జ్వరం, గుండెదడ, తగ్గని కడుపునొప్పి, ఆయాసం, పిక్కలో వాపు... వీటిలో ఏది కనిపించినా 'రేపు చూద్దాంలే' అనకూడదు. కుట్టు దగ్గర లీకు కావచ్చు, రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. ఇవి అరుదే. కానీ వస్తే గంటలు లెక్కే. వాంతులు రోజుల తరబడి ఆగకపోయినా అంతే. శరీరంలో బి1 విటమిన్‌ నిల్వలు త్వరగా తరిగిపోయి మెదడు, నరాలు దెబ్బతినే ప్రమాదం ఉంది.

షుగరు మందుల సంగతీ మర్చిపోకూడదు. కొందరిలో, ముఖ్యంగా బైపాస్‌ తర్వాత, బరువు పెద్దగా తగ్గకముందే రోజుల్లోనే షుగరు దిగుతుంది. పాత మోతాదే వేసుకుంటూ పోతే కళ్లు తిరిగి పడిపోవచ్చు. బీపీ మాత్రలతోనూ అంతే. డాక్టరు కొత్త లెక్క రాసివ్వాలి. సొంతంగా పెంచడం, తగ్గించడం కూడదు.

మూడో నెల... దువ్వెన నిండా జుట్టు

చీర కుచ్చిళ్లు ఎక్కువవుతున్నాయి. జాకెట్లు వదులయ్యాయి. మెట్లెక్కితే ఆయాసం లేదు. సంతోషపడే సమయానికి దువ్వెన నిండా జుట్టు!

మూడో నెలా ఆరో నెలా మధ్య ఇది చాలామందికి జరిగేదే. ఆపరేషన్‌ ఒత్తిడి, వేగంగా బరువు తగ్గడం వల్ల కుదుళ్లు కొంతకాలం విశ్రాంతిలోకి వెళ్తాయి. పోషకాలు అందుతుంటే కొన్ని నెలల్లో మళ్లీ మొలుస్తుంది. అత్తగారు మాత్రం దిష్టి తీస్తారు. తీయనివ్వండి, నష్టం లేదు. తీశాక ఆ ఉప్పూ మిరపకాయలతో పాటు ప్రొటీన్‌ లెక్క కూడా ఒకసారి చూడాలి.

రోజుకి కనీసం 60 గ్రాముల ప్రొటీన్‌ కావాలంటారు వైద్యులు. మన వంటింట్లో అదంత తేలిక కాదు. ఇడ్లీలో ఉండేది రెండు గ్రాములే. గుడ్డులో ఆరు. వంద మిల్లీలీటర్ల పాలలో మూడు గ్రాములకు కాస్త పైన. కప్పు ఉడికించిన చిక్కటి పప్పు తిన్నా ఆ రోజు అవసరం తీరదు. పొట్టలో జాగా తక్కువ కాబట్టి ముందు ఎవరు కూర్చుంటే వాళ్లదే సీటు. అన్నం ముందు కూర్చుంటే పప్పుకి చోటుండదు! అందుకే మొదటి ముద్ద గుడ్డో, చేపో, చికెనో, పనీరో, మీల్‌మేకరో, పెసరట్టో కావాలి. అన్నం ఆఖర్న, మిగిలితేనే. ఏ పూటైనా అన్నంతో మొదలుపెట్టే ఇంట్లో ఇది చిన్న మార్పేం కాదు.

ఇక బూరె సంగతి. బైపాస్‌ అయినవాళ్లు తీపి తింటే అది పేగులోకి ఒక్కసారిగా దిగిపోతుంది. చెమటలు, గుండెదడ, కడుపులో మెలి, విరేచనాలు... దీన్ని 'డంపింగ్‌' అంటారు. పిన్ని ప్రేమగా వేసిన ఒక్క బూరె పెళ్లిలో ఆమెను గంటసేపు మంచాన పడుకోబెట్టగలదు!

ఆరో నెల... అద్దంలో మరో మనిషి

బజార్లో ఎదురైన పాత పరిచయస్తులు గుర్తుపట్టరు. గుర్తుపట్టినవాళ్లు 'కత్తి పెట్టించుకుని తగ్గడం గొప్పేముంది' అంటారు. కొందరు అసలు ఆపరేషన్‌ సంగతి ఎవరికీ చెప్పరు. వాకింగ్‌తో తగ్గానంటారు. దాంతో ప్రతి విందులోనూ ఒక కొత్త అబద్ధం వెతుక్కోవాల్సి వస్తుంది.

ఒంటిమీద చర్మం వేలాడుతుంటుంది. పొట్ట మీద, చేతుల కింద, తొడల దగ్గర. కొవ్వు పోయినంత త్వరగా చర్మం ముడుచుకోదు. మడతల్లో చెమట చేరి పుండ్లు పడతాయి. బరువు నిలకడయ్యాక అవసరమైతే దానికి వేరే ఆపరేషన్‌ ఉంది.

చెప్పుకోని బాధ మరొకటి. కోపమొచ్చినా, దిగులేసినా, ఒంటరిగా ఉన్నా ఇన్నేళ్లూ ఓదార్చింది మిక్చరు పొట్లమో, స్వీటు డబ్బానో. ఇప్పుడా తోడు లేదు. ఏం చేయాలో తోచదు. మగవాళ్లలో కొందరు ఆ ఖాళీని మందుతో నింపుకుంటారు. బైపాస్‌ తర్వాత మద్యం రక్తంలోకి చాలా వేగంగా ఎక్కుతుంది. పాత లెక్క పనికిరాదు. అలవాటు వ్యసనంగా మారే ముప్పు రెండో ఏడాది నుంచి పెరుగుతుందని 2012లో వెలువడిన అమెరికా పరిశోధన హెచ్చరించింది. మనసు బాగోలేదని డాక్టరుతో చెప్పడం కూడా ఈ చికిత్సలో భాగమే.

కొత్తగా పెళ్లయినవాళ్లకు ఇంకో జాగ్రత్త. లావు వల్ల నెలసరి సరిగా రాని ఆడవాళ్లకు బరువు తగ్గగానే నెల తప్పే అవకాశం పెరుగుతుంది. కానీ ఆపరేషన్‌ అయిన ఏడాది, ఏడాదిన్నర దాకా గర్భం వద్దంటారు. ఒంట్లో పోషకాలు తల్లికే చాలని సమయం అది. 'ఇంకా పిల్లలెప్పుడు?' అని అడిగే పెద్దలకు ఈ సంగతి చెప్పాలి.

తొమ్మిదో నెల... 'అంతా బాగానే ఉందిగా!'

ప్రమాదం ఎక్కువగా పొంచి ఉండేది ఇక్కడే. ఏ నొప్పీ లేదు. హుషారుగా ఉంది. పైగా మాత్రల ఖర్చొకటి! మల్టీవిటమిన్‌, బి12, ఐరన్‌, క్యాల్షియం, విటమిన్‌ డి... ఒక్కొక్కటే మానేస్తారు. డాక్టరు రమ్మన్న తేదీ దాటిపోతుంది.

లోపం మాత్రం చప్పుడు చేయకుండా పెరుగుతుంటుంది. బి12 నిల్వలు కాలేయంలో చాలాకాలం ఉంటాయి. అందుకే మానేసిన వెంటనే ఏమీ తెలీదు. తెలిసేసరికి అరికాళ్లలో తిమ్మిర్లు, మతిమరుపు, రక్తహీనత. ఆలస్యమైతే నరాలకు జరిగిన నష్టం పూర్తిగా పూడదు. శాకాహారులకు ఈ బెడద మరీ ఎక్కువ. ఎందుకంటే బి12 సహజంగా దొరికేది మాంసాహారంలోనూ, గుడ్లు, పాలల్లోనే. ఈ మాత్రలు ఏడాదికో రెండేళ్లకో కాదు, జీవితాంతం. ఐరనూ క్యాల్షియమూ ఒకేసారి మింగకూడదు. రెండింటి మధ్య కనీసం రెండు గంటలు ఎడం ఉండాలి. మోకాళ్లు నొప్పని మందుల షాపులో నొప్పి మాత్రలు కొనేయడమూ ప్రమాదమే. బైపాస్‌ అయినవాళ్లలో అవి కొత్త అతుకు దగ్గర పుండు చేస్తాయి.

ఏడాది... తూకం చెప్పని లెక్క

టీచరమ్మ ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు, ఆపరేషన్‌నాటి బరువు 110 కిలోలు అనుకుందాం. ఏడాదిలో తగ్గేది సాధారణంగా మొత్తం బరువులో పాతిక నుంచి ముప్ఫై శాతం. అంటే ఆమె 80 కిలోల దగ్గర ఆగుతుంది. చార్టు ప్రకారం ఇంకా లావే! సినిమా తారలా అవుతాననుకున్న మనిషికి ఇక్కడ నిరాశ మొదలవుతుంది. రెండో ఏడాది దాటాక కొన్ని కిలోలు తిరిగి రావడమూ మామూలే. పొట్ట చిన్నదే అయినా ఐస్‌క్రీమూ కూల్‌డ్రింకూ జారిపోతాయి. వాటికి అడ్డుకట్ట వేసే ఆపరేషన్‌ లేదు.

అయితే తూకం చెప్పని లెక్క ఒకటుంది. రాత్రి గురక లేకుండా నిద్ర. స్కూల్లో రెండో అంతస్తు దాకా ఆగకుండా ఎక్కడం. బస్సులో ఒక సీటులోనే సరిపోవడం. షుగరు మాత్రలు మూడు నుంచి ఒకటికి రావడం. ఏడాది ఫలితాన్ని కొలవాల్సింది వీటితో.

ఇంటిల్లిపాదికీ ఆపరేషన్‌

మనకి ప్రేమంటే కొసరి వడ్డించడం. 'వద్దు' అన్నా వేస్తేనే మర్యాద. వద్దన్నవాళ్లకీ మొహమాటమే, మానేసినవాళ్లకీ మొహమాటమే. ఆపరేషన్‌ అయిన మనిషికి ఈ మర్యాదే పెద్ద పరీక్ష. ఒక్కరి పొట్ట తగ్గించి, ఇంటి గరిటెను అలాగే ఉంచితే ఆ పరీక్ష రోజూ రాయాల్సి వస్తుంది.

చేయాల్సింది కొండంత పనేం కాదు. చిన్న కంచం, చిన్న గిన్నె. ఆమెకు వేరు కూర వండకుండా అందరికీ కాస్త పప్పు ఎక్కువ, నూనె తక్కువ. ఫ్రిజ్‌లో కూల్‌డ్రింకు ఉండకపోవడం. సాయంత్రం ఇద్దరూ కలిసి నడవడం. మాత్రల డబ్బా కనిపించేచోట పెట్టడం. డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిన తేదీని క్యాలెండర్‌ మీద, పాలవాడి లెక్క పక్కనే రాసుకోవడం. ఆ తేదీలు ఆపరేషన్‌ నిర్ణయం తీసుకునే ముందే అడిగి తెలుసుకోవాలి. 'ఎంత తగ్గుతాను?' అని ఒకసారి అడిగితే, 'తర్వాత నన్ను ఎవరు చూస్తారు?' అని రెండుసార్లు అడగాలి.

పెళ్లయిన కొన్నాళ్లకి టీచరమ్మ పిన్నిని కూర్చోబెట్టి సంగతంతా చెప్పిందనుకోండి. తర్వాత పండక్కి వెళ్లినప్పుడు ఆవిడేం చేస్తుంది? బహుశా పెసరట్టు సగానికి తుంచి చిన్న ప్లేటులో పెడుతుంది. గరిటె పక్కన పెట్టేసి, ఎదురుగా కూర్చుని కబుర్లు మొదలెడుతుంది.

'చాలా?' అని ఒక్కసారే అడుగుతుంది. 'చాలు' అంటే, నమ్ముతుంది.