రక్తం పడితే మొలలే అనుకోవాలా?

లిటిల్ ఇండియా (సింగపూర్): మొన్న ఆదివారం రేస్ కోర్స్ రోడ్డులో భోజనాలయ్యాక శ్రీకాకుళం తమ్ముడొకడు ఫోన్ చూపించాడు. "అన్నా, క్యాన్సర్‌ని మాయం చేసే మందొచ్చిందంట. 12 మందికిస్తే 12 మందికీ తగ్గిపోయిందంట. ఊళ్లో మా మావయ్యకి పంపాలి, ఎంతవుద్ది?" అనడిగాడు.

ఆ వార్త అబద్ధం కాదు, సగం నిజం. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ ఆసుపత్రి 2022లో ఆ ఫలితం ప్రకటించింది. మందు పేరు డోస్టార్లిమాబ్. పురీషనాళ (రెక్టమ్) క్యాన్సర్ రోగులు 12 మందికీ ఆపరేషన్ లేకుండానే కణితి కనిపించకుండా పోయింది. అయితే వాళ్లందరి కణితుల్లోనూ ఒక ప్రత్యేక జన్యు లోపం ఉంది. పురీషనాళ క్యాన్సర్లలో అది నూటికి ఐదు నుంచి పది మందిలోనే ఉంటుంది. మావయ్యకు ముందు చేయించాల్సింది ఆ పరీక్ష. నేను డాక్టర్ని కాదు, సివిల్ డిప్లొమా వాణ్ని. కానీ ఒక పోతలో తీసిన క్యూబులు పాసైతే బిల్డింగంతా పాసైనట్టు కాదని మనకు తెలుసు కదా!

ఆస్పిరిన్ కథ

ఇదే ఊళ్లోని జాతీయ క్యాన్సర్ కేంద్రం ముందుండి 'ఆస్కాల్ట్' అనే పెద్ద అధ్యయనం నడిపింది. పెద్దపేగు క్యాన్సర్‌కు చికిత్స అయినవారికి మూడేళ్లపాటు ఆస్పిరిన్ ఇస్తే జబ్బు తిరగబెట్టకుండా ఉంటుందా అన్నది ప్రశ్న. మన దేశంతో సహా పలు దేశాల నుంచి 1,500 మందికి పైగా పాల్గొన్నారు. అందరినీ కలిపి చూస్తే చెప్పుకోదగ్గ లాభం లేదని 2025లో తేలింది. అదే ఏడాది స్వీడన్, నార్వే, డెన్మార్క్, ఫిన్లాండ్ దేశాల అధ్యయనం మరో మాట చెప్పింది. కణితిలో ఫలానా జన్యు మార్పు ఉన్నవారికి మాత్రం ఆస్పిరిన్‌తో తిరగబెట్టడం సుమారు సగానికి తగ్గింది. కాబట్టి షాపులో ఆస్పిరిన్ కొని మింగేయొద్దు. రక్తస్రావం అయ్యే మందు అది.

సంతకం ముందు

మలద్వార క్యాన్సర్ అరుదు. పదింట తొమ్మిదికి హెచ్‌పీవీ అనే వైరస్ కారణం. ఆ వైరస్ టీకా మీదే 2009లో మన ఖమ్మం జిల్లాలో బాలికలపై అధ్యయనం జరిగింది. ఆందోళనలు రేగాక 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. టీకా ప్రపంచమంతా వాడుతున్నదే. తప్పు జరిగింది సంతకం దగ్గర. చాలాచోట్ల తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు పెట్టేశారు. ఏజెంటు ఆఫీసులో చదవకుండా సంతకాలు పెట్టి వచ్చినవాళ్లం మనం. ఆ బాధ మనకు వేరే చెప్పాలా? అధ్యయనంలో చేరమని ఎవరైనా అడిగితే భయపడొద్దు, తొందరా పడొద్దు. మన భాషలో చెప్పించుకోండి. హాని జరిగితే బాధ్యత ఎవరిదో అడగండి. ఎప్పుడైనా తప్పుకునే హక్కు మీకుంది.

మన సంగతి

సింగపూర్‌లో 50 దాటిన పౌరులకు, పీఆర్‌లకు ఏటా మల పరీక్ష చేయించుకోమని ప్రభుత్వమే చెబుతుంది. వర్క్ పర్మిట్ వాళ్లం ఆ లెక్కలో లేము. మన దేశంలో ప్రభుత్వం ఊరూరా చేసే క్యాన్సర్ పరీక్షలు నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారానికే. పేగు అందులో లేదు. అంటే మనల్ని ఎవరూ పిలిచి చూడరు, మనమే వెళ్లాలి.

మా సైటులో ఒకాయన ఏడెనిమిది నెలలు రక్తం పడుతుంటే వేడి చేసిందని మజ్జిగ తాగాడు, మొలల ఆయింట్‌మెంటు రాశాడు. చెబితే ఇంటికి పంపేస్తారని భయం. చెప్పేసరికి ముదిరింది. ఆయన్ని రోజూ చూసే సూపర్‌వైజర్ని నేనే. బక్కచిక్కుతుంటే ఎండ అనుకున్నాను. ఆ తప్పులో నా వాటా ఉంది.

2023 జూలై నుంచి కంపెనీ మనకు చేయించాల్సిన వైద్య బీమా ఏడాదికి కనీసం 60,000 డాలర్లు. ఆసుపత్రిలో చేరినా, డే సర్జరీ అయినా వర్తిస్తుంది. రక్తం పడినా, విరేచనం తీరు వారాల తరబడి మారినా, కారణం లేకుండా బరువు తగ్గినా డాక్టర్‌కు దాచకుండా చెప్పండి. ఎక్కువసార్లు అది మొలలే అవుతుంది. కానీ ఆ మాట డాక్టర్ చెప్పాలి, మనం కాదు.