గురి కుదరడం

మన భాషలో ‘గురి’ అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. బాణానికీ తుపాకికీ ఉండేది ఒక గురి. వైద్యుడి మీదా, గురువు మీదా, ఆ మాటకొస్తే మన మీద మనకూ ఉండవలసింది మరొక గురి. క్లాసులో ఈ రెండింటికీ విడివిడిగా ఉదాహరణలు చెబుతూ వస్తున్నాను. రెండూ కలిసి నాలుగు స్క్రూల మీద ఆధారపడడం మాత్రం ఈమధ్యనే చూశాను.

మా మేనల్లుడు హైదరాబాదులో మా ఇంట్లోనే ఉండి ఇంజనీరింగు చదువుతున్నాడు. చిన్న పిల్లలకు లెక్కలు చెప్పి కూడబెట్టిన డబ్బుతో ఒక ఎయిర్ రైఫిలు కొన్నాడు. పిట్టలను కొడతాడేమోనని కంగారు పడకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒకటి ఉంది. అంతకంటే గట్టిగా మా ఆవిడ ఉంది. వాడు కొట్టేది అట్టముక్కలనే.

దాని మీద దుర్భిణిని (వాళ్ల భాషలో స్కోపు) అమ్మిన దుకాణంలోనే పది నిమిషాల్లో బిగించి ఇచ్చారు. ఆనాటి నుంచీ గుండు ఒకనాడు కుడికీ, మరునాడు కిందికీ పోతోంది. వెళ్లి అడిగితే, ‘‘సరుకు మంచిదే, అబ్బాయి చేతిలో నిలకడ లేదు’’ అన్నారట. మా బావగారు ఫోనులో, ‘‘ముందు కళ్లు పరీక్ష చేయించి, తరవాత దాన్ని అమ్మిపారెయ్’’ అని తీర్పు చెప్పారు. కళ్ల డాక్టరు ఏ దోషమూ లేదన్నాడు. అయితే నేం! నలుగురూ అన్నమాట వాడికి నిజమై కూచుంది. నెల తిరిగేసరికి చెయ్యి నిజంగానే వణకసాగింది. ఆఖరికి పరీక్షలో సరైన జవాబు రాసి, తనే కొట్టేసి వచ్చాడు! అప్పుడు నాకు భయం వేసింది.

సికిందరాబాదు శివార్లలో ఒక హవల్దారుగారున్నారు. శ్రీకాకుళం వైపు మనిషి. సైన్యంలో ఆయుధాలు బాగుచేసే పనిలో ఇరవై ఏళ్లుండి వచ్చారు. వాణ్ణి వెంటబెట్టుకుని ఆయన దగ్గరికి వెళ్లాను. ఆయన వాడి చెయ్యీ చూడలేదు, కన్నూ చూడలేదు. స్కోపును రెండు వేళ్లతో పట్టుకుని మెల్లిగా కదిపారు. అది కదిలింది.

‘‘మాస్టారూ, స్ప్రింగు రైఫిలు ఒకసారి కాదు, రెండుసార్లు తంతుంది,’’ అన్నారాయన. స్ప్రింగు విచ్చుకుంటూ లోపలి ముషలాన్ని ముందుకు తోసినప్పుడు రైఫిలు వెనక్కి తంతుంది. ముషలం వెళ్లి ఆ కొసకు కొట్టుకోగానే ముందుకు కుదుపుతుంది. ఆ కుదుపుకు స్కోపు కొంచెం కొంచెంగా వెనక్కి జారుతుంది. జారకుండా ఆపడానికి ఒక చిన్న మేకుంది. దుకాణంవారు దాన్ని దాని రంధ్రంలో దించనే లేదు. ముందు కడియం గాడిలో కూర్చోక అంచు మీద ఎక్కి ఉంది. ఒక పక్క స్క్రూలు బిర్రుగానూ, రెండో పక్కవి వదులుగానూ ఉన్నాయి. ఇన్ని వంకర్లను కప్పిపుచ్చడానికి సర్దుబాటు బిళ్లలను చివరికంటా తిప్పేశారు. అక్కడ లోపలి స్ప్రింగు పట్టు సడలిపోతుందట.

అన్నీ ఊడదీసి, గాడులకూ స్క్రూలకూ ఉన్న నూనెను స్పిరిటుతో తుడిచారు. మేకును రంధ్రంలో దించారు. బిళ్లలను ఈ కొస నుంచి ఆ కొసకు టక్కుటక్కుమని లెక్కపెడుతూ తిప్పి, సగానికి తెచ్చి నిలిపారు. మావాణ్ణి కళ్లు మూసుకుని రైఫిలు బుజానికి ఆనించమన్నారు. తెరిచేసరికి లోపలి వలయం నిండుగా కనిపించేదాకా స్కోపును ముందుకూ వెనక్కూ జరిపారు. రైఫిలును నిటారుగా నిలిపి, ఎదురుగా దారానికి రాయి కట్టి వేలాడదీసి, లోపలి నిలువు గీతను ఆ దారంతో కలిపారు. గీత వాలితే దూరం పెరిగినకొద్దీ గుండు పక్కకు పోతుంది.

ఆ గీతలకొక కథ ఉంది. 1640 ప్రాంతంలో విలియం గాస్కాయిన్ అనే ఇంగ్లీషు ఖగోళజ్ఞుడు, తన దుర్భిణిలో సాలెపురుగు అల్లిన పోగు స్పష్టంగా కనబడడం చూసి, దాన్నే గురిగీతగా వాడుకున్నాడట. తరవాత పనిముట్లలో చాలాకాలం సాలెపోగునే పెట్టారు.

బిగించడం అన్నిటికంటే ఆలస్యమైంది. ఒక స్క్రూకు పావు చుట్టు, దానికి మూలగా ఉన్నదానికి పావు చుట్టు. రెండు పక్కలా సందు సమంగా ఉందా అని వంగి చూడడం. బిగువును అంకెల్లో చూపే స్క్రూడ్రైవరుతో పదిహేను అంగుళ పౌన్ల దగ్గర ఆపేశారు. ‘‘ఇంకా బిగిస్తే గొట్టం నొక్కుకుపోద్ది, బాబూ.’’

పెరటి మట్టిదిబ్బకు అట్ట ఆనించి, పాతిక గజాల దూరంలో కొట్టమన్నారు. రైఫిలును గట్టిగా బిగబట్టవద్దనీ, అరచేతిలో ఊరికే ఆననివ్వమనీ చెప్పారు. మొదటి అయిదు గుండ్లూ నల్లబొట్టుకు అంగుళం ఎడమగా పడ్డాయి. మావాడి ముఖం వాడిపోయింది. హవల్దారుగారు మాత్రం నవ్వారు. ‘‘ఎక్కడ పడ్డాయని కాదు, ఒకచోట పడ్డాయా లేదా చూడు!’’ అయిదూ ఒక రూపాయి బిళ్ల కింద దాగేటంత దగ్గరగా ఉన్నాయి. నూరు గజాలకు ఒక టక్కు పావు అంగుళం జరుపుతుంది గనక, పాతిక గజాలకు అంగుళంలో పదహారో వంతు. మావాడు నోటితోనే లెక్కగట్టి పదహారు టక్కులు కుడికి తిప్పాడు. ఆ తరవాతి అయిదూ బొట్టు మీదే పడ్డాయి.

హవల్దారుగారు డబ్బు పుచ్చుకోలేదు. వంద గుండ్లు కొట్టాక స్క్రూలు మళ్లీ ఒకసారి చూసుకోమన్నారు.

ఆ అట్ట ఫోటోను మావాడు వాళ్ల నాన్నకు పంపాడు. చాలాసేపటికి బావగారి దగ్గర నుంచి జవాబు వచ్చింది: ‘‘ఎన్ని గజాలు?’’